థర్మోస్టాట్ కింద కుర్చీ

ఆ ఇంట్లో తడి మేజోళ్లు అత్తగారి కుర్చీ వెనక ఆరేస్తారు. ఆవిడకు కోపమొస్తే ఒంట్లోంచి సెగ పుడుతుంది. పొద్దున్నే ఏదో ఒక గొడవ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఎనిమిదింటికల్లా మేజోళ్లు ఆరిపోతాయి. మామగారు బతికున్న రోజుల్లో ఆఫీసుకు బయల్దేరే ముందు ఆవిడ పుట్టింటివాళ్లను ఓ మాట అని, చొక్కా ఆవిడ అరచేతి కిందకు తోసేవాడు. ఇస్త్రీ అయిపోయేది. కొందరికి కోపమొస్తే తలనొప్పి వస్తుంది, ఈవిడకు సెగ వస్తుంది, అంతే.

అంతుపట్టనిదల్లా హీటరు. గంట బాగా తిరుగుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. బయటేమో మోకాలి లోతు మంచు. కోడలికి ఏడో నెలలోనే పుట్టిన పాప పిడికెడంత ఉంది. గది చల్లబడితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

"మీరే ఆపుతున్నారు!" అనేది కోడలు.

"నాకింకేం పనిలేదు మరి!" అనేది అత్తగారు. ఆ గొడవ ఎంతసేపు సాగితే హీటరు అంతసేపూ రాదు.

మెకానిక్ రెండుసార్లొచ్చాడు. ఫిల్టరు దులిపాడు, తీగలన్నీ చూశాడు. అతనున్నంతసేపూ హీటరు భేషుగ్గా తిరిగింది. పరాయివాళ్ల ముందు అత్తగారు నోట్లో వేలు పెట్టినా కొరకదు మరి. రెండోసారి స్క్రూడ్రైవరు మర్చిపోయి వెనక్కొచ్చేసరికి లోపల గొడవ తారస్థాయిలో ఉంది. అతని కళ్లముందే హీటరు ఆగింది. అత్తగారి కుర్చీకి సరిగ్గా పైన, గోడమీది థర్మోస్టాట్ డబ్బా దగ్గర చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేశాడు.

"హీటరుకేం రోగం లేదమ్మా. ఈ డబ్బా దగ్గరెంత వేడుంటే ఇల్లంతా అంత వేడుందనుకుని ఆపేస్తుంది. పెద్దావిడ కుర్చీ జరపండి, చాలు."

ఇంట్లో మీట ఏదైనా తన చేతికందాలని ఆ డబ్బాను కొడుకు చేత అక్కడ పెట్టించింది ఆవిడే.

"నేను జరగను. ఈ ఇంట్లో జరగాల్సిందెవరో నాకు తెలుసు," అంది.

"పాప ఏమైపోయినా సరే, మీ కుర్చీ మాత్రం కదలకూడదు!"

హీటరు మళ్లీ ఆగింది. వారం రోజులు అలాగే ఆగుతూ, వెలుగుతూ, ఒక పొద్దున మాడువాసన కొట్టి పూర్తిగా చచ్చింది. కొడుకు ఫ్యాక్టరీలో ఉన్నాడు. మెకానిక్ చూసి, "హీటరు లోపలి బోర్డు కాలిపోయింది. పక్క ఊరి నుంచి తేవాలి. ఈ మంచులో సాయంత్రమవుతుంది," అని పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి పాప పెదాలు నీలమయ్యాయి. ఎన్ని దుప్పట్లు కప్పినా వెచ్చబడలేదు. కోడలు రెండు దుప్పట్లు మడిచి అత్తగారి ఒళ్లో పరిచి, వాటిమీద పాపను పడుకోబెట్టింది. ఆ ఒడి చల్లగా ఉంది. ఆవిడకు కోపం లేదు, భయం ఉంది.

"మీ చేతి వంట కుక్కలు కూడా ముట్టవు," అంది కోడలు.

కొంచెం సెగ. "మీ పుట్టింటివాళ్లు పిల్లికి బిచ్చం పెట్టరు." ఇంకొంచెం.

అత్తగారికి సంగతి అర్థమైంది. "ఇవా నీ తిట్లు? మా ఆయన ఇస్త్రీకి వాడి పారేసినవి! గట్టిగా అను."

కోడలు ఏడుస్తూ తిట్టింది. ముక్కును తిట్టింది, నడకను తిట్టింది, గురకను తిట్టింది. మూడింటికల్లా తిట్లన్నీ అయిపోయాయి. ఒడి మళ్లీ చల్లబడుతోంది. పాప ఏడవడం కూడా మానేసింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆడపడుచు గురించి అత్తగారికి చెప్పనని మొగుడికి ఒట్టేసిన మాట.

"మీ అమ్మాయి దూరదేశమేం పోలేదు. ఐదేళ్లుగా రెండు వీధుల అవతలే ఉంది. మీ నోటికి దడిసి అలా చెప్పించింది. ప్రతి ఆదివారం మేం వెళ్లి చూసొస్తూనే ఉన్నాం."

కిటికీమీది మంచు కరిగి జారింది. గోడ సున్నం పొక్కులు పొక్కులుగా లేచింది. పాప ఎర్రబడి, గుక్కపట్టి ఏడ్చింది.

సాయంత్రం మెకానిక్ బోర్డు బిగించాడు. హీటరు వెలిగి నిమిషంలో ఆగింది. అతను కుర్చీ వైపు చూశాడు. అత్తగారే పాపనెత్తుకుని లేచి, కాలితో కుర్చీని ఈడ్చుకుంటూ వెళ్లి ఎదుటి గోడవార వేసుకుని కూర్చుంది. హీటరు వెలిగింది, ఆగలేదు.

కాసేపటికి కోడలు చేతులు చాపింది. "ఇల్లు వెచ్చబడింది, పాపనిటివ్వండి అత్తయ్యా."

ఆవిడ తలెత్తలేదు. "ఇవ్వను. నాకింకా కోపం తగ్గలేదు."