ఐలవ్వ అడిగిన వాయిదా

లచ్చయ్య తన మెట్ట చెలక గట్టున బావి తవ్వించిన ఏడాదే హనుమండ్లు పటేలు కన్ను దాని మీద పడింది. పోలీస్ యాక్షన్ అయిపోయిన కొత్త రోజులవి. బావి మొత్తం తన హద్దులోదేనని పటేలు కరీంనగర్ మున్సిఫ్ కోర్టులో దావా వేశాడు. తీర్పు వచ్చేదాకా ఆ నీళ్లు ఎవరూ ముట్టకూడదని ఆర్డరు తెచ్చాడు. పటేలుకు వేరే బావి ఉంది, దాని కింద బత్తాయి తోట ఉంది. లచ్చయ్యకు ఉన్నది ఆ బావి ఒక్కటే.

"సగమన్న ఇయ్యి పటేలా, పంట పండించుకుంట" అని లచ్చయ్య కాళ్ల మీద పడ్డాడు. పటేలు నవ్వి పంపాడు.

కేసు కదలలేదు. ఉర్దూ తెలిసిన మున్సిఫ్ బదిలీ అయితే, కొత్తాయన కాగితాలన్నీ మళ్లీ రాయించమన్నాడు. రాష్ట్రం పేరే మారిపోయింది గానీ, కోర్టులో గుట్టలుగా పడ్డ కేసులు తరగలేదు. కొలతలు తీసేందుకు వచ్చిన మనిషి హద్దు సరిగ్గా బావి నడుమ నుంచే పోతుందని తేల్చినా, తీర్పు రాలేదు. సాక్షికి జ్వరమని పటేలు వకీలు ప్రతిసారీ వాయిదా అడిగేవాడు. చొప్పదండి నుంచి ఆ వాయిదాలకు నడిచి నడిచి, లచ్చయ్య ఓ ఎండాకాలం కోర్టు వరండాలోనే కుప్పకూలి ప్రాణం విడిచాడు. బండిలో శవం ఊరికి చేరినప్పుడు పటేలు తోటకు నీళ్లు పారుతున్నాయి. ఆ మోట చప్పుడు అతని భార్య ఐలవ్వకు ఏడుపులోనూ వినబడింది.

ఏండ్లు గడిచాక వానలు వరసగా ఎగ్గొట్టాయి. పటేలు బావి అడుగంటింది. లచ్చయ్య బావిలో మాత్రం నీళ్లు నిండుగా ఉన్నాయి. అప్పుడు పటేలు ఐలవ్వ వాకిట్లోకి వచ్చాడు.

"ఐలవ్వా, ఇగ కొట్లాట చాలు. చెరి సగం అనుకుందం. రాజీ కాగితం మీద వేలుముద్ర ఎయ్యి."

"రాజీ ఎందుకు పటేలా? తీర్పు రానీ."

"గప్పటిదాక చెట్లు బతుకుతయా?"

"నా పెనిమిటి బతికిండా?"

కొడుకు సిద్దిరాములు తల్లి మీద లేచాడు. "మనకూ నీళ్లొస్తయి గదనే అవ్వా! జర సోంచాయించు."

"మీ బాపు సగం అడిగితె ఇచ్చిండారా వాడు?"

ఆ వారమే సిద్దిరాములు భైంసాలో జిన్నింగు మిల్లు పనికి వెళ్లిపోయాడు. ఐలవ్వ ఆపలేదు. పటేలు జీతగాళ్లు దొంగచాటుగా మోట దించకుండా, ఆమె మంచాన్ని బావి ఒడ్డుకే మార్చుకుంది.

వేసవి సెలవులకు ముందు కోర్టు చివరి రోజున కేసు పిలుపుకొచ్చింది. పాత కేసులు తెంపాలని కూర్చున్న కొత్త మున్సిఫ్, ఇరువర్గాలూ సిద్ధమేనా అని అడిగాడు. పటేలు వకీలు సిద్ధమన్నాడు.

ఐలవ్వ తన వకీలు దేవదాస్ కోటు పట్టి లాగింది. "వాయిదా అడుగుండ్రి సాబ్."

"పిచ్చా అవ్వా? ఇయ్యాల్నే తీర్పయితది. సగం నీకొస్తది."

"సాక్షికి జరమొచ్చిందని చెప్పుండ్రి."

దేవదాస్ ఆమె ముఖంలోకి చూశాడు. లేచి, సాక్షికి జ్వరమని వాయిదా అడిగాడు. ఇదే ఆఖరి వాయిదా అని విసుక్కుంటూ మున్సిఫ్ కేసును సెలవుల తర్వాతికి వేశాడు. వరండాలో పటేలు గోడకు చేరగిలబడి, "నీకు కడుపు మండలేదా ఐలవ్వా, నీ చేను గూడ ఎండుతుంటే?" అన్నాడు.

"మండింది. అందుకనే" అని ఆమె మెట్లు దిగింది.

ఆ వేసవిలో బత్తాయి ఆకులు ముడుచుకున్నాయి, పిందెలు రాలాయి, కొమ్మలు చిటుక్కున విరిగే స్థితికొచ్చాయి. ఐలవ్వ రోజూ పొద్దున్నే కంచె దాకా వెళ్లి చూసి వచ్చేది. మృగశిర రాకముందే చెట్లను కట్టెలకు నరికించారు. గొడ్డలి చప్పుడు వింటూ ఆమె ఆ పూట జొన్న గటక కడుపు నిండా తిన్నది.

సెలవులయ్యాక తీర్పు వచ్చింది. బావి చెరి సగం. ఐలవ్వకు అరక కట్టే మనిషి లేడు. రమ్మని కబురు పంపితే సిద్దిరాములు రాలేదు. పంటలో సగం ఇచ్చే ఒప్పందం మీద చెలకను పాలుకు ఇచ్చేసింది. పాలుకు తీసుకున్నవాడు మొదటి బొక్కెన తోడి, తాగమని తెచ్చిచ్చాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆమె దోసిట పట్టి తాగి, అవతలి మోడుల వైపు చూస్తూ ఇంకో దోసిలి పట్టింది.