గోఠ్‌లో గడ్డిపరుపు

"ఈసారికి ఎవరికీ చెప్పకు. వెళ్ళి పొయ్యి ముట్టించు" అంది అత్త.

అప్పటికే కంబళి చంకన పెట్టుకుని గోఠ్‌లోకి దిగబోతున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ నెలనెలా బయట చేరగానే ఇంటి కింద ఆ పశువుల కొట్టంలో, ఆవుల పక్కన గడ్డి మీదే నా పడక. మెట్లెక్కితే దేవుడికి కోపమొచ్చి కొండచరియ మీద పడుతుందట. మా ఆయనేమో "నీకూ విశ్రాంతే కదా, వంట తప్పింది" అని నవ్వేవాడు. పేడ ఎత్తడానికీ, కొండెక్కి గడ్డి కోయడానికీ మాత్రం ఏ మైలా అడ్డొచ్చేది కాదు.

సరయూ నది వైపు కిటికీలు పెట్టి పైన గదులు అద్దెకిచ్చాక, అత్తకి దేవుడికన్నా అతిథులంటేనే భయం. ఆ రోజు మంచుకొండలకి వెళ్ళేవాళ్ళు దిగారు. మా ఆయన పైనుంచి తొంగిచూసి, "ఇంకా నిలబడ్డావేంటి? రాగిరొట్టెలు కావాలట వాళ్ళకి" అన్నాడు.

"నేను బయటున్నాను."

"మెల్లగా! వాళ్ళు వింటారు."

వండాను. కొండ విరగలేదు. అతిథులు లొట్టలేసుకుంటూ తిన్నారు. మిగిలిన ఉలవపప్పు అత్తే గిన్నె ఊడ్చి తింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. పని లేకపోయినా ఏటిదాకా వెళ్ళాను, కాళ్ళైనా తడపకుండా తిరిగొచ్చాను. మా అమ్మాయి హంసికి మూడేళ్ళప్పుడు జ్వరమొచ్చి, పైన "అమ్మా" అని ఏడుస్తుంటే మెట్ల కింద నిలబడి విన్నాను. ఎక్కలేదు. అంత తేలిగ్గా, ఒక్క మాటతో పోయే మైల అని తెలిసుంటే ఎక్కేదాన్ని కాదూ? ఆ దేవుడి మీద కన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

వానలు పడగానే అతిథులు తగ్గారు. గదులు ఖాళీ. ఓ సాయంత్రం హంసి బడి నుంచి వచ్చి నా చెవిలో చెప్పింది. దాని ముఖం పాలిపోయి ఉంది. నేను దాన్ని దగ్గరికి తీసుకునేలోపే అత్త పసిగట్టి, గోఠ్‌లోకి దిగి కొత్త గడ్డి పరవడం మొదలుపెట్టింది.

"రా తల్లీ, ఇక్కడ వెచ్చగా ఉంటుంది. మీ అమ్మ పడుకోలేదూ ఇన్నేళ్ళూ?"

హంసి నావైపు చూసింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టుకోకే! మళ్ళీ తలస్నానం చేయాలి" అని అరిచింది అత్త.

వదల్లేదు. ఇద్దరం మెట్లెక్కుతుంటే వెనక నుంచి అరుస్తూనే ఉంది. పై మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి మెల్లగానే చెప్పాను.

"అతిథులు ఉన్నారనుకో అత్తా."