పెద్దమ్మ పాత కొలత

మొదట వినిపించింది ఒక చిన్న చప్పుడు. ఎండుపుల్లను మోకాలికి ఆనించి విరిచినట్టు, పటుక్కున. ఆ వెనకే ఇనుప కత్తెర నేల మీద దొర్లిన మోత. 

లోపలి గదిలో కుట్టుమిషను ఆపి చెల్లెలి కూతురు గుండీ పరుగెత్తుకొచ్చేసరికి, కోతబల్ల పక్కన పెద్దమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ఒడిలో పడి ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరచిపోయినట్టు. ఒంటి మీది కొత్త గౌను అంచు చెప్పు కింద చిక్కుకుంది.

"చూస్తావేమే, లేపు! నీ కత్తెర పుణ్యమా అని ఇవాళ నేలకే కొలత తీశాను."

గుండీ ముఖం వాడిపోయింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. అయిదేళ్లుగా ఏటా వింటున్నదే.

గుండీ అన్నది అసలు పేరు కాదు; నాలుగేళ్ల వయసులో కోటు గుండీ ఒకటి మింగి ఇంటిల్లిపాదినీ హడలగొట్టినందుకు పెద్దమ్మ పెట్టిన పేరది. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా ఊడి రాలేదు. ఆ కోతబల్ల కిందే గుండీ బాల్యమంతా గడిచింది. పైన పెద్దమ్మ కోస్తుంటే కింద రంగురంగుల పేలికలు రాలేవి. సుద్దపొడి మంచులా కురిసేది. ఆ రోజుల్లో పెద్దమ్మ గుమ్మంలోకి వస్తే వెలుతురు పక్కకు తప్పుకునేది. గజం పొడవు బట్టల తానులను పై అరలోంచి ఒంటిచేత్తో దించేది. బల్ల కిందనుంచి తల బయటపెట్టి చూస్తే, ఆమె గడ్డం ఎక్కడో ఆకాశంలో ఉన్నట్టుండేది.

పెద్దమ్మ కుట్టు దుకాణంలో ఒక నియమం ఉండేది: ఇంటివాళ్లకు టేపు పట్టకూడదు. కొలత పరాయివాళ్లకు, మనవాళ్లకు అచ్చు. దళసరి కాగితంలో ఒక్కసారి కోసి మేకుకు తగిలిస్తే, ఇక ఆ మనిషికి ఆ అచ్చే జన్మపత్రిక. పెద్దమ్మ అచ్చును పెద్దమ్మే ముప్పయ్యో ఏట కోసుకుంది. ఏటా ఆ అచ్చు మీదే గుండీ ఆమెకు ఒక బూడిదరంగు పని గౌను కోస్తుంది. అయిదేళ్లుగా, ఏటా, అది పొడుగవుతోంది.

"సుద్దగీత దాటావు. చెయ్యి నిలవడం లేదే నీకు" అనేది పెద్దమ్మ.

ఆ మాటలు విని విని గుండీ కోత మానుకుంది. కోత పెద్దమ్మది, కుట్టు తనది అని సర్దుకుంది. ఏడాదికి ఆ ఒక్క గౌను మాత్రం ఊపిరి బిగబట్టి కోసేది. ఇప్పుడు ఆ గౌనే పెద్దమ్మను పడేసింది.

ఆసుపత్రిలో మణికట్టుకు కట్టు వేస్తూ ఎముకల డాక్టరమ్మ అడిగింది, "ఎక్కడినుంచి పడ్డారు?"

"ఎక్కడినుంచీ కాదు. నిలబడ్డచోటే. ఈ పిల్ల గౌను పొడుగు కోసింది."

డాక్టరమ్మ గౌనును వదిలి వీపు వైపు చూసింది. "మీ ఎత్తెంతమ్మా?"

"అయిదడుగుల ఏడంగుళాలు" అంది పెద్దమ్మ, ఇంటి చిరునామా చెప్పినట్టు.

గోడకున్న కొలబద్ద అయిదడుగుల అయిదంది.

"మీ బద్ద వంకర."

"మేకులు కొట్టి బిగించిందమ్మా."

"అయితే గోడే వంకర. ఏమే, నీ టేపు తియ్యి!"

మెడలోని టేపు తీసి, మడమనుంచి నడినెత్తిదాకా పట్టింది గుండీ. పెద్దమ్మకు ఆమె కొలత తీయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. టేపు గోడ పక్షమే మాట్లాడింది. 

తరవాత ఎక్స్‌రేలు తీశారు, ఎముకల గట్టిదనం తేల్చే పరీక్ష చేశారు. డాక్టరమ్మ వెన్ను ఫొటోను వెలుతురుకు పెట్టి చూపించింది. "ఇవి చూడండి, చక్కటి పెట్టెల్లా ఉన్నాయి. ఈ రెండూ ముందువైపు నలిగి కుంగిపోయాయి. ఎప్పుడో విరిగాయి. నడుం పట్టిందనుకుని ఉంటారు."

"పట్టింది. వదిలింది" అంది పెద్దమ్మ.

"ఎముక రాయి కాదమ్మా. ఒకవైపు కరుగుతూ, ఒకవైపు కట్టుకుంటూ ఉంటుంది. నెలసరి ఆగాక కట్టడం వెనకబడుతుంది. పైగా ఆయాసానికి ఏళ్లతరబడి స్టిరాయిడ్ మాత్రలు వాడారు. మీ అమ్మగారికి ఎప్పుడైనా ఎముక విరిగిందా?"

"తుంటి విరిగింది. మంచానపడి మళ్లీ లేవలేదు. అది వయసు."

"వయసొక్కటే కాదు. దీనికి పేరుంది. దీన్ని..."

"పేరెందుకులెండి!" పెద్దమ్మ కుడిచెయ్యి అడ్డం పెట్టింది. "పేరు పెట్టి పిలిస్తే వచ్చి కాపురం పెడుతుంది."

డాక్టరమ్మ పేరును కాగితం మీదే రాసింది. కాల్షియం, విటమిన్ డి మాత్రలు; రోజూ నడక; వంగి బరువులెత్తకూడదు; చేతికట్టు విప్పాక రక్తపరీక్ష చూసి, ఏడాదికోసారి సెలైనులా ఎక్కించే మందు. "నిర్లక్ష్యం చేస్తే ఈసారి విరిగేది తుంటి కావచ్చు" అంది నెమ్మదిగా.

"మాత్రలు మింగుతాను. సెలైన్లూ గిలైన్లూ నాకొద్దు" అని పెద్దమ్మ లేచింది.

ఇంటికి రాగానే గుండీ మేకునుంచి పాత అచ్చు దించింది. గౌనును కోతబల్ల మీద పరిచి, దాని మీద అచ్చు పెట్టింది. భుజానికి భుజం, అంచుకు అంచు. నూలుపోగంత తేడా లేదు.

కుర్చీలోంచి పెద్దమ్మ చూస్తూనే ఉంది.

"పెద్దమ్మా, నీకు తెలుసు కదూ?"

పెద్దమ్మ తల తిప్పి తానులున్న పై అర వైపు చూసింది. "పై అర అందని రోజే తెలిసింది."

"మరి నన్నెందుకన్నావు? అయిదేళ్లు! కత్తెర పట్టాలంటే నా చెయ్యి వణికేది."

"తెలుసే. చూస్తూనే ఉన్నాను." పెద్దమ్మ కట్టు వేసిన చేతిని ఒడిలోకి లాక్కుంది. "వెన్ను తప్పిందనడం కంటే కత్తెర తప్పిందనడం తేలిక. మా అమ్మ వంగిపోతుంటే అందరూ వయసన్నారు. నేనూ అన్నాను. ఆవిడ గౌన్లు పైకి మడిచి కుట్టిందీ నేనే, ఏటా ఓ వేలెడు. ఎందుకిలా అని ఒక్కనాడూ అడగలేదు." పెదవి విరిచి నవ్వింది. "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నేను మొక్కగా వంగలేదు, మానై వంగుతున్నాను. సామెత కట్టినవాడికి మా వంశం సంగతి తెలీదు."

గుండీకి కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒక్క దారంలో చిక్కుపడ్డాయి. ఆమె ఏదీ విప్పే ప్రయత్నం చెయ్యలేదు. కొత్త దళసరి కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది.

"లే. కొలత తీస్తాను."

"ఇంటివాళ్లకు టేపు పట్టకూడదు."

"ఆ నియమం ఎవరు పెట్టారు?"

"నేనే."

"అయితే నువ్వే తీసెయ్."

పెద్దమ్మ లేచి నిలబడింది. గుండీ టేపు పట్టింది. పాత అచ్చు కంటే వెనక మెడనుంచి నడుందాకా కొలత పెరిగింది, ముందు తగ్గింది. వీపు విల్లులా వంగుతున్న మనిషికి అలాగే ఉంటుందని పరాయివాళ్ల ఒళ్ల మీద ఎన్నోసార్లు చూసిన పనితనానికి, సొంతమనిషి వీపు ఇన్నేళ్లూ కనపడలేదు. అంకెలు వేసి, సుద్దతో గీసి, గుండీ కత్తెర అందుకుంది. కాగితం చర్రున తెగింది. చెయ్యి వణకలేదు.

పెద్దమ్మ దగ్గరికొచ్చి, అంచు వెంట వేలు నడిపింది. "గీత మీద వెంట్రుకవాసి కూడా తప్పలేదు" అంది. పక్కనున్న గౌను మీద చెయ్యి వేసి, "ఇదివరకూ తప్పలేదు" అంది.

గుండీ తల వంచుకుని కాగితం ముక్కలు ఏరింది.

"ఆ మందు ఎక్కించుకోడానికి ఎప్పుడెళ్లాలి?" అంది పెద్దమ్మ. "ఒంటరిగా వెళ్లనులే, బెంగపడకు. నువ్వూ రేపట్నించి నాతో ఎండలో నడవాలి. టీ నీళ్లతో పొట్ట నింపుకుని, మిషనుకు అతుక్కుని కూర్చుంటావు. మా అమ్మ, నేను, తరవాతి వరస నీదే."

ఆరు వారాలకు చేతికట్టు విప్పారు. మరో వారానికి రక్తపరీక్ష బాగుందని కబురొచ్చింది. మందు ఎక్కించే గదిలో కిటికీల పొడవునా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరి వీపులు నిటారుగా, కొందరివి ఒదిగి. నర్సు చీటీ చూసి సీసా తగిలించింది.

"అమ్మగారూ, మొదలుపెట్టేముందు అడగడం మా పద్ధతి. ఈ మందు దేనికో తెలుసాండీ?"

అలవాటుకొద్దీ గుండీ నోరు తెరిచింది. పెద్దమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. వీలైనంత నిటారుగా కూర్చుంది. గది ఆ చివరివాళ్లకు కూడా వినపడేలా, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"బోలు ఎముకల వ్యాధి."