గడప ముందు బూట్లు

ఆ బొగ్గుగని క్వార్టర్ల లైన్లో ఏ గడప ముందు బాయి బూట్లు కనబడితే, ఆ ఇంట్లో నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి నిద్రపోతున్నాడని లెక్క. ఎవరు పెట్టిన కట్టుబాటో తెలియదు గానీ, బొగ్గు బాయిని నమ్ముకుని బతికే ఆ లైన్లో దాన్ని దాటినవాళ్ళు లేరు. బూట్లు చూస్తే పిల్లలు గోలీల ఆట పక్క లైనుకు మార్చుకుంటారు. ఎత్తిన రోకలి చప్పుడు లేకుండా పక్కకు దిగుతుంది. గాజులమ్మే సైదమ్మ కూడా ఆ గుమ్మం దాటేదాకా కేక మింగేస్తుంది.

ములకలపల్లి పక్క తండా నుంచి కాపురానికొచ్చిన చాందికి ఈ సంగతి చెప్పింది పక్కింటి బుల్లెమ్మ. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి. ఆమె ముసలాయన బాయి మానేశాక ఆ ఉద్యోగం, ఆ క్వార్టరు కొడుక్కి వచ్చాయి. చాంది బూట్లు బయట పెట్టడం నేర్చుకుంది. చంటోడు గోపాలు నోరు తెరిచేలోపే పాలివ్వడం, పెద్దపిల్ల బాలి గజ్జెలకు గుడ్డ చుట్టడం నేర్చుకుంది. నేర్చుకోనిది తను నిద్రపోవడమే.

పోయిన వారం ఆమె మొగుడు రూప్‌సింగ్‌ది నైట్ డ్యూటీ. అదే వారం గోపాలుకు చలిజ్వరం. దవాఖానాలో గోలీలిచ్చారు, పిల్లోడికి దిగిపోయింది. తల్లికే దిగలేదు. వాడు మెదిలితే ఎందుకు మెదిలాడా అని, మెదలకపోతే ఎందుకు మెదల్లేదా అని లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వేలికి ఊపిరి తగిలాక బాలి మీద దుప్పటి సర్దుతుంది. తలుపు గడియ చూస్తుంది. ఇక పడుకుందామనుకునేసరికి భూమి కింద ఉన్న మనిషి గుర్తొస్తాడు. అంతే, ఆ రాత్రి తెల్లారినట్టే.

ఈ వారం అతనిది పొద్దుటి డ్యూటీ. ఆ రోజు పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "జర పండుకోవే. కండ్లు సూడు, చింతనిప్పులైనయ్," అన్నాడు.

"నేను పండుకుంటే పిల్లలను ఎవలు సూస్తరు? ఏమన్నయితే?"

"ఏమైతది? భయపడేటందుకు గూడ కూలిమనిషిని పెట్టాల్నా?" అని నవ్వి వెళ్ళిపోయాడు. చాంది నవ్వలేదు. దొరికితే పెట్టుకునేదే.

ఆ లైన్లో అందరిదీ బొగ్గు పొయ్యే. వాకిట్లో అంటించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే లోపలికి తేవాలి. చాందికి తెలియక కాదు. చలిగా ఉంది, పిల్లోడి ఛాతీకి జలుబు పడుతుందేమోనని పొయ్యి తెచ్చి లోపల పెట్టింది. గాలి తగులుతుందని తలుపేసింది. గోడకానుకుని కూర్చుంది. అంతవరకే గుర్తు.

దభీమని తలుపు తెరుచుకుంది.

"ఓసి నీ మొహం మండా! పొగ పోకుండా పొయ్యి లోపల పెట్టావేంటే!" బుల్లెమ్మ ఒక చంకన గోపాలును, ఇంకో చేత్తో బాలిని లాక్కుని బయటపడింది. మళ్ళీ వచ్చి పొయ్యిని వాకిట్లోకి ఈడ్చింది. పిల్లోడు దగ్గి దగ్గి, చివరికి లైనంతా వినబడేట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు వినబడ్డాకే చాంది గోడ పట్టుకుని వాకిట్లోకొచ్చింది.

"పొగ పోయిందనుకున్న అక్కా. నా కండ్లకు కనవడలే."

"కళ్ళు తెరుచుకునే నిద్రపోతుంటే ఏం కనపడుద్ది?"

"నా పిల్లలను నేనే..."

"ఆ మాట ముగించావంటే చెంప పగలగొడతాను." బుల్లెమ్మ గోపాలు వీపు రాస్తూ అంది. "వీళ్ళు నా దగ్గరుంటారు. గాలాడనిచ్చి పడుకో. పడుకోకపోతే రేపూ ఇదే చేస్తావు."

రేపూ ఇదే. చాంది తలుపు తెరిచిపెట్టి చాప మీద ఒరిగింది. పక్కింట్లో పిల్లోడి గొంతు వినబడుతుందేమోనని చెవి రిక్కించింది. ఆ చెవితోనే నిద్రలోకి జారింది.

మెలకువొచ్చేసరికి నిశ్శబ్దం. బిందె చప్పుడు లేదు, పిల్లల అరుపుల్లేవు. ఎండ గుమ్మంలోకొచ్చింది. ఆ ఎండలో, గడప ముందు బూట్లు.

రూప్‌సింగ్ ఇంకా బాయిలోనే ఉండాలి. మరి బూట్లెందుకొచ్చాయి? పోయినేడు చివరి క్వార్టరు రామ్‌సింగ్ ఇంటికి ముందుగా వచ్చింది బూట్లే. తర్వాతే మనిషిని తెచ్చారు. అప్పుడూ లైనంతా ఇట్లాగే గొంతు లేకుండా నిలబడింది. చాంది మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి బూటు పట్టుకుంది.

ఎండిపోయి ఉంది. తడి లేదు, బొగ్గు బురద లేదు. మడమ అరిగింది. లేసు బదులు గోనె పురికొస.

"మా ముసలాయనవి," అంది బుల్లెమ్మ. ఆమె ఒళ్ళో గోపాలు, పక్కన చింతపండు ఒలుస్తూ బాలి. ముగ్గురూ అరుగు మీదే ఉన్నారు.

చాంది బూటు గుండెకు హత్తుకుని ఏడ్చింది. "నా పానం పోయిందక్కా! గిట్లెందుకు వెట్టినవ్?"

బుల్లెమ్మ మొహం చిన్నబోయింది. "నాకా సంగతి తట్టలేదే పిచ్చిదానా. ఆడది పడుకుందంటే ఈ లైన్లో రోకలి ఆపేదెవరు? బూట్లుంటేనే ఆపుతారు. అందుకు పెట్టాను."

"మా ఆయన డ్యూటీ ఎగ్గొట్టిండనుకోరా?"

"అనుకోనీ. పో, ఇంకాసేపు పడుకో. భయపడేదేమన్నా ఉంటే నాకు చెప్పు, సాయంత్రందాకా నేను పడతాను."

చాంది కళ్ళు తుడుచుకుంది. నిజంగానే చెప్పింది. పిల్లోడి ఒళ్ళు వేడెక్కితే తడిగుడ్డ వెయ్యాలి. బాలి రైలు పట్టాల దిక్కు పోతది. పొయ్యి ఇంకా వాకిట్లనే ఉంది. బుల్లెమ్మ ఒక్కోదానికి తలాడించింది. చివరిది చెప్పేముందు చాంది బాయి దిక్కు చూసింది.

"బాయిల ఏమన్నయి వేళ గాని వేళ సైరన్ కూస్తే?"

బుల్లెమ్మ ఈసారి వెటకారమాడలేదు. "లేపుతాను. ఒట్టు."

చాంది బూట్లను గడప ముందు మళ్ళీ జంటగా పెట్టి లోపలికెళ్ళింది. కళ్ళు మూసింది. లైను చివర సైదమ్మ కేక మొదలైంది, "గాజులో..." ఒక్కో గుమ్మం దాటుకుంటూ దగ్గరికొచ్చింది. చాంది గుమ్మం ముందుకొచ్చేసరికి ఆగిపోయింది.

మళ్ళీ ఎక్కడ మొదలైందో చాందికి వినబడలేదు.