నర్సుబాయి మీద సాక్ష్యం

నేను ఒక బీడీ కత్తెరను. జానెడు పొడవు కూడా ఉండను. మెట్‌పల్లి సంత దగ్గర ఒక కమ్మరి పాత లారీ కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. తునికాకును బీడీకి సరిపడా కోయడం తప్ప నాకు మరో పని రాదు. అయినా నా బతుకులో పదకొండేళ్లు కోర్టు గదిలో గడిచాయి. అక్కడి కాగితంలో నా పేరు ‘మారణాయుధం’ అని రాశారు.

నన్ను కొన్నది గుండేటి నర్సుబాయి. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, కూతురు సరోజనను పక్కన పడుకోబెట్టుకొని పొద్దంతా బీడీలు చుట్టిన మనిషి. నా పిడులకు ఆమె పాత చీర పేలిక చుట్టింది. తన వేళ్ల కోసం కాదు, పక్కింటి జైతూన్‌బీ అప్పుడప్పుడు నన్ను అడిగి తీసుకుపోయేది కాబట్టి. జైతూన్ వేళ్లు మెత్తనివి, తొందరగా బొబ్బలెక్కేవి.

వాడకట్టులో పింఛను దరఖాస్తు రాయించాలన్నా, కాన్పుకు దవాఖానకు తోడు పోవాలన్నా అందరూ నర్సుబాయి గడపే ఎక్కేవారు. అట్లా అట్లా ఆమె బీడీ కార్మికుల సంఘానికి పెద్ద అయింది. ఊరేగింపులో జెండా పట్టుకొని ముందు నడిచేటప్పుడు కూడా నేను ఆమె నడుముకు కట్టిన సంచిలోనే ఉండేదాన్ని.

ఠేకేదారు విఠల్ కంపెనీ తరఫున ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునేవాడు. ప్రతి సాయంత్రం ఒక్కొక్కరి దగ్గర గుప్పెళ్ల కొద్దీ బీడీలు ‘చెడ్డవి’ అని తీసి సంచిలో వేసుకునేవాడు. వాటికి కూలి ఉండదు. ఒకరోజు నర్సుబాయి ఆ సంచిని కార్ఖానా నడిమధ్యకు లాగి, నాతో దాని మూతికట్టు కోసింది. బీడీలు బండల మీద కుప్పగా పడ్డాయి.

“చూడుండ్రి! గిండ్ల ఒక్కటన్న చెడ్డదున్నదా?” అని అరిచింది.

ఒక్కటీ లేదు. విఠల్ ఆమె చేతిలోంచి సంచి గుంజుకోబోయి, ఆ బీడీల మీదే కాలు జారి, బల్ల అంచుకు నొసలు కొట్టుకున్నాడు. నా మొనకు నెత్తురు చుక్క అంటలేదు. రాత్రికి మాత్రం, నర్సుబాయి నన్నెత్తి ఠేకేదారును పొడవబోయిందని కేసయింది.

అక్కడ నలభై మంది ఆడవాళ్లున్నారు. చూశామని ఎవరూ ముందుకు రాలేదు. వచ్చింది జైతూన్ ఒక్కతే. కోర్టులో, ప్లాస్టిక్ కవర్లో ఉన్న నన్ను పైకెత్తి, “ఈ కత్తెరతోనేనా పొడవబోయింది?” అని వకీలు అడిగాడు.

“అవ్ సార్” అంది జైతూన్, నా వైపు చూడకుండా.

ఆ గొంతు నేనెరిగినదే. “నర్సక్కా, జర కత్తెర ఇయ్యవే” అని ఎన్నిసార్లు వినలేదు! కాదని చెప్పడానికి నాకు రెండు అలుగులున్నాయి గానీ నోరు లేదు.

తర్వాత వాయిదాలే వాయిదాలు. ఒక ఎండాకాలం గుమాస్తా మరో గుమాస్తాతో, “ముద్దాయి చచ్చిపోయిందట, ఫైలు మూసెయ్” అన్నాడు. నర్సుబాయి పోయిన కబురు నాకు అట్లా తెలిసింది. కోర్టు ఆమెను దోషి అనలేదు. నిర్దోషి అనీ అనలేదు.

సరోజన దరఖాస్తు పెట్టి నన్ను విడిపించుకుంది. సంఘం ఆఫీసులో సంస్మరణ సభ పెట్టి, నన్ను నర్సుబాయి ఫొటో ముందు ఉంచారు. అందరికంటే పెద్ద దండ విఠల్ తెచ్చాడు. “అక్క నాకు తోబుట్టువసొంటిది” అని మైకులో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. పోయినవాళ్లతో చుట్టరికం కలుపుకోవడం మనుషులకు ఎంత సులువో!

అప్పుడు జైతూన్ లేచింది. మైకు దాకా రాలేక, కుర్చీ పట్టుకొని నిలబడ్డచోటే మాట్లాడింది.

“నర్సక్క ఎవ్వల్నీ పొడవబోలే. సంచి కట్టు కోసింది, గంతే. నేను అబద్ధం జెప్పిన. నా బీడీ కార్డు విఠల్ చేతిలుండె. కార్డు పోతే బీడీ కార్మికుల దవాఖానల మా ఆయనకు టీబీ మందుల్లేవు. మందులొచ్చినయి. ఆయన బతికిండు.”

విఠల్ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. సరోజన మొదటి వరసలోంచి వెనక్కు తిరిగింది.

“నీ తిప్పలు అమ్మకు ఎరుకేనా, చిన్నమ్మా?”

“ఎరుకే బిడ్డా. సాచ్చెం జెప్పి బస్సెక్కితే, వచ్చి నా పక్క సీట్లనే కూసున్నది. ‘పొద్దటి సంది ఏం తినలే గదనే’ అని సంచిలకెల్లి రొట్టె తీసిచ్చింది. నేను తిన్న.”

సరోజన మళ్లీ ముందుకు తిరిగి కూర్చుంది. సంఘంవాళ్లు కుర్చీలు ఎత్తేసేదాకా జైతూన్ అక్కడే నిలబడి, తర్వాత వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను సంఘం ఆఫీసులో అద్దాల బీరువాలో ఉన్నాను. తుప్పు పిడుల దాకా వచ్చింది. శుక్రవారం నమాజు వేళ దాటాక జైతూన్ వచ్చి, బీరువా ముందు కాసేపు కూర్చొని పోతుంది. ఆఫీసు తాళం చెవి సరోజన దగ్గరే ఉంటుంది. ఆమె ఇప్పటికీ జైతూన్‌తో మాట్లాడదు. శుక్రవారం మాత్రం తలుపు తీసిపెట్టి, ఏదో పనున్నట్టు బయటికి వెళ్లిపోతుంది.