శౌరమ్మ పది నిమిషాలు

పదో నంబరు స్పానరుతో చివరి నట్టు బిగించి జయపాల్ బానెట్ మూసేసరికి ఉదయం ఆరూ ఇరవై అయింది. ఆయన భార్య శౌరమ్మ అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో మడతపెట్టిన ఎర్రగళ్ళ దుప్పటి. డయాలసిస్ బెడ్డు మీద ఆవిడకి మే నెలలో కూడా చలే.

"నాలుగు రోజుల్నించి చెప్తున్నానా, బ్యాటరీ మూలుగుతోందని?"

"మార్చేశాగా."

"ఊళ్ళో బళ్ళన్నిటికీ వైద్యం చేస్తారు. ఇంట్లో బండికొచ్చేసరికి..." మిగతా మాట ఆయాసంలో కలిసిపోయింది. శని, ఆదివారాలు మిషన్ ఉండదు. సోమవారం పొద్దునకల్లా ఆవిడ కాళ్ళు వాచి, నాలుగు మాటలకే రొప్పు వస్తుంది. నిన్న చర్చిలో పాటకి లేచి నిలబడలేకపోయింది కూడా.

జయపాల్ ఆటోనగర్‌లో ముప్ఫై నాలుగేళ్ళుగా ఆటో ఎలక్ట్రీషియన్. బక్క మనిషి. బ్యాటరీ యాసిడ్ చుక్కలు పడి చొక్కా నిండా సూదిబెజ్జాలు. ఆయన పేరు ఎరగని వాళ్ళు కూడా 'పది నిమిషాలాయన' అంటే షాపు చూపిస్తారు. కొత్త బ్యాటరీ పెట్టాక బండిని వెంటనే కదలనివ్వడు. ఇంజన్ ఆన్ చేసి, తాళం తన దగ్గరే పెట్టుకున్నంత పని చేస్తాడు. "బ్యాటరీ తీస్తే బండి నేర్చుకున్నదంతా మర్చిపోద్దండీ. మళ్ళీ నేర్చుకోనివ్వాలి. పది నిమిషాలు ఊరికే ఉంచండి" అంటాడు. ఎంత తొందరలో ఉన్నవాడైనా, నిదానమే ప్రధానం అన్న ఉపన్యాసం విని తీరాల్సిందే. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

తమ కారు గడియారం మాత్రం శౌరమ్మది. రెండేళ్ళ కిందట డయాలసిస్ మొదలైన వారంలోనే దాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టింది. అందరి బళ్ళలో నిమిషం తేడా రానివ్వని జయపాల్, తన బండిలో ఆ అబద్ధపు టైము చూసుకుని ప్రతిసారీ కంగారుపడుతూనే బయల్దేరేవాడు. ఒక్కసారి కూడా ఏడు గంటల వంతు తప్పలేదు.

బ్యాటరీ మార్చేసరికి ఇప్పుడది మళ్ళీ మొదటికొచ్చి పన్నెండు చూపిస్తోంది.

"నా పది నిమిషాలు పోయాయి. పెట్టండి."

"సాయంత్రం పెడతాలే. టైమైపోయింది."

కంకిపాడు నుంచి ఆస్పత్రికి నలభై నిమిషాలు. తిన్నగా పోతే సరిగ్గా ఏడు. జయపాల్ ఇంజన్ స్టార్ట్ చేసి, ఆ చేత్తోనే గేరేశాడు. చెప్పేవి మాత్రం శ్రీరంగనీతులు!

ఈడుపుగల్లు దగ్గర స్పీడ్‌బ్రేకరుకి యాక్సిలేటర్ మీంచి కాలు తీయగానే ఇంజన్ ఆగిపోయింది. పోరంకిలో రెండుసార్లు ఆగింది. ఊపిరాడక శౌరమ్మ దించిన అద్దం సగంలో నిలిచిపోయి ఇక పైకి రానంది. కానూరు సిగ్నల్లో వెనక బస్సు హారన్ మోగిస్తుంటే, తిట్లు తింటూ, చెమటలు కక్కుతూ తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఎందుకు ఆగుతోందో ఆయనకి తెలుసు. తెలియనట్టు తాళం తిప్పుతున్నాడు.

"మీ బండికీ నా జబ్బే వచ్చిందండీ" అంది శౌరమ్మ, పైట చెవుల చుట్టూ చుట్టుకుంటూ. నవ్వబోయింది గానీ, రొప్పు నవ్వనివ్వలేదు.

చేరేసరికి ఏడూ ఇరవై. నర్సు హెలెన్ మొహం చిన్నబుచ్చుకుంది. "పావుగంట చూశామండీ. ఇప్పుడే ఇంకొకాయన్ని మిషన్ మీద పెట్టేశాం. మళ్ళీ పదకొండింటికే."

"ఫర్వాలేదులే అమ్మా" అని శౌరమ్మే ఆమెకి ధైర్యం చెప్పింది. వరండాలో కుర్చీలో కూర్చుని జపమాల తీసింది. జయపాల్ దుప్పటి ఆవిడ మోకాళ్ళ మీద కప్పాడు. "మీరెళ్ళండి. ఈలోగా ఆ అద్దం బాగుచేసి తీసుకురండి. గడియారం కూడా" అంది. ఆయన తలూపి వెళ్ళాడు.

షాపు ముందు కాలేజీ లెక్చరర్ సింధూరి కారుతో కాచుకుని ఉంది. నిన్న ఎవరో బ్యాటరీ మార్చారట. అద్దాలు సరిగ్గా లేవడం లేదు, సిగ్నల్లో ఇంజన్ ఆగిపోతోంది. జయపాల్ స్విచ్చి పట్టి ఉంచి ఒక్కో అద్దానికీ మళ్ళీ దారి నేర్పాడు. గడియారం సరిచేశాడు. ఇంజన్ ఆన్ చేశాడు.

"ఇక పది నిమిషాలు..." అని ఆగిపోయాడు.

ఆరూ ఇరవైకి పది కలిపాడు. దానికి నలభై కలిపాడు. ఏడూ పది. పావుగంట చూశారట, అంటే ఏడుంబావు దాకా.

"ఏమైంది జయపాల్ గారూ?" అంది సింధూరి.

జేబులో ఫోను మోగింది. "మీరొకసారి రండి" అంది హెలెన్. ఎందుకో చెప్పలేదు.

"ఇంకో నాలుగు నిమిషాలుందమ్మా, బండి కదపకండి" అని సింధూరికి చెప్పే బయల్దేరాడు.

జపమాల చేతిలో ఉండగానే, కుర్చీలోనే, తల గోడకి ఆనించి పోయింది శౌరమ్మ. నిద్రపోతోందనుకున్నారట. "రెండ్రోజుల గ్యాప్ కదండీ, గుండె తట్టుకోలేదు. మిషన్ మీదున్నా జరగొచ్చు" అన్నాడు డాక్టరు. జయపాల్ తలూపాడు. ఆ మాట నమ్మాలని ఆయనకి ఎంత ఉందో చెప్పలేం. కానీ ముప్ఫై నాలుగేళ్ళు పది నిమిషాల్లోనే అంతా ఉందని ఊరందరికీ చెప్పిన మనిషి, ఇప్పుడు పది నిమిషాల్లో ఏముందిలే అని ఎలా అనుకుంటాడు? హెలెన్ దుప్పటి మడతపెట్టి చేతికిచ్చింది. దాన్ని పట్టుకుని వరండాలో అందరి ముందూ ఏడ్చాడు.

సమాధి కార్యక్రమం అయింది. మూడో వారంలో షాపు తెరిచాడు. అద్దం బాగుచేశాడు. గడియారం బొత్తాం మీద వేలు పెట్టి, నొక్కలేక తీసేశాడు. సరైన టైము పెట్టడానికీ చెయ్యి రాలేదు, పది నిమిషాలు ఎక్కువ పెట్టడానికీ రాలేదు. ఆ నట్టు బిగించిన దగ్గర్నుంచీ అది దాని లెక్కన అది నడుస్తోంది.

ఇప్పుడు రోజూ ఆరూ ఇరవైకే బండి స్టార్ట్ చేస్తాడు. ఇంజన్ ఎప్పుడో అన్నీ నేర్చేసుకుంది, ఆగాల్సిన పనిలేదు. అయినా గేరు వెయ్యడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంటాడు. పక్క సీట్లో ఎర్రగళ్ళ దుప్పటి, హెలెన్ మడతపెట్టిన మడత అలాగే ఉంది. దాని ఎదురుగా గడియారం పన్నెండు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క అంకే మార్చుకుంటూ, పన్నెండూ పదికి వస్తుంది.