లాయరమ్మ ఫోన్లో పెట్టిన మాట

ఆగస్టు రెండో మంగళవారం ఉదయం పదకొండున్నరకు, పుంగనూరు కోర్టులో తిప్పేస్వామి తన పొలంలో బోరు ఉందని చెప్పాడు. ఆ పొలంలో బోరు లేదు.

తిప్పేస్వామి గొర్రెలు మేపుతాడు. వయసు అరవై రెండు. ఊరు గుట్టకిందపల్లె, పుంగనూరు నుంచి ఆటోలో వెళ్లాలి. దావా వేసింది అతనే. తన రెండెకరాల మెట్టలోకి పక్క పొలం ఉమాపతి రాకుండా కోర్టు శాశ్వతంగా ఆపాలని కోరాడు. ఆ మెట్టలో పంట వేయడు. సాయంత్రం గుట్ట దిగిన మంద అక్కడ పడుకుంటుంది. మందను తోలడానికి అతనికి ఊళ్లో మరో చోటు లేదు. మెట్ట పోతే గొర్రెలను అమ్ముకోవాలి. దావా వేసే ముందు ఈ సంగతి తన లాయరు భారతికి చెప్పాడు. ఆమె దాన్ని దావాలో రాసింది.

మెట్ట తన సర్వే నంబరులోదేనని, తిప్పేస్వామి దాన్ని ఏనాడూ అనుభవించలేదని ఉమాపతి జవాబు వేశాడు. అందువల్ల కేసు మొత్తం ఒక ప్రశ్న మీద నిలిచింది. ఆ భూమి ఎవరి స్వాధీనంలో ఉంది?

తిప్పేస్వామి తొలి సాక్ష్యం అఫిడవిట్‌గా అప్పటికే కోర్టులో ఉంది. భారతి అతన్ని అడిగి రాసింది. మెట్టలో బోరు లేదని, మంద చుట్టూ ముళ్లకంచె ఉందని, గొర్రెలు నీళ్లు తాగే రాతి తొట్టిని తన తండ్రి వేయించాడని అందులో ఉంది. ఆ రోజు జరుగుతున్నది ఎదుటి లాయరు సాక్షిని ప్రశ్నలడిగే క్రాస్. ఉమాపతి లాయరు శేఖర్ పుంగనూరులోనే ప్రాక్టీసు చేస్తాడు.

"ఆ భూమి నీ స్వాధీనంలో ఉందనడానికి ఏముంది?" అని శేఖర్ అడిగాడు.

"బోరు ఏసినాను సామీ. పన్నెండేండ్లాయ. కరెంటు నా పేరు మీదనే ఉండాది. బిల్లు నేనే కడతాండాను."

శేఖర్ చేతిలోని కాగితం తిప్పి చూశాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"నీ అఫిడవిట్‌లో బోరు లేదని ఉంది."

"అది ముందు రాసింది సామీ. ఇది ఎనక సెప్పింది."

"ఎవరు చెప్పింది?"

"మా లాయరమ్మే. పోయిన వారం ఫోన్లో పెట్టిండాది."

వెనక బెంచీల్లో ఎవరో, "లాయరమ్మ ఫోన్లోనే బోరు ఏసేసిందంట, నీళ్లు ఎన్ని ఇంచులో" అన్నారు. హాల్లో నవ్వారు. జడ్జి తలెత్తాక ఆపారు. స్టెనో జవాబును టైపు చేసింది. భారతి లేచి నిలబడింది. అడగడానికి అప్పుడు ఆమెకు అవకాశం లేదు. కూర్చుంది.

మిగతా క్రాస్ మధ్యాహ్నానికి వాయిదా పడింది.

సాక్షి క్రాస్‌లో ఉన్నప్పుడు అతని లాయరు అతనితో కేసు మాట్లాడకూడదు. భారతి వరండాలో ఈ చివర నిలబడింది. తిప్పేస్వామి ఆ చివర నుంచి ఆమె దగ్గరికి వచ్చాడు.

"బాగా సెప్పినానా లాయరమ్మా?"

"ఇప్పుడు నాతో మాట్లాడకూడదప్పా. పోయి కూర్చో."

"యాలమ్మా, కోపమా? ఒక్క మాట తప్పలా."

"పోయి కూర్చో అప్పా."

అతను వెళ్లి గోడ పక్కన కూర్చున్నాడు. అతని కూతురు మంజు అక్కడే ఉంది. మంజును కుప్పంలో ఇచ్చారు. అక్కడ బట్టల షాపులో లెక్కలు రాస్తుంది. తండ్రి సాక్ష్యమని ఉదయం బస్సుకు వచ్చింది. భారతి ఆమెను పక్కకు పిలిచింది.

"ఫోన్లో ఏం పెట్టినావు?"

"మీరు రాసిండేదే మేడం. నాయనకు సదువు రాదు కదా. నేను సదివి వాయిస్ మెసేజ్ పంపిస్తా. గొర్రెల ఎనక తిరగతా ఇంటాడు. అన్నీ ఇంటాడు మేడం, మీవి."

"ఏది పంపినావు?"

మంజు ఫోను తెరిచి చూపించింది.

భారతి మదనపల్లెలో పదిహేడేళ్లుగా లాయరు. కరోనా వచ్చి కోర్టులు మూసిన ఏడాది తెలుగులో ఒక బ్లాగు మొదలుపెట్టింది. దాని పేరు 'కోర్టు వాకిలి'. సమన్లు వస్తే ఏం చేయాలి, వాయిదాకు వెళ్లకపోతే ఏమవుతుంది, వకాలత్ అంటే ఏమిటి, ఇలాంటివి రాసేది. మదనపల్లెలో జూనియర్ లాయర్లు అది చదివి నోట్సు రాసుకునేవారు. లాయర్లు కేసుల కోసం ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. అందుకని భారతి అందులో ఫోను నంబరు పెట్టలేదు. పేరు, ఊరు పెట్టింది. మంజు కుప్పంలో ఆ బ్లాగు చదివి, తండ్రిని మదనపల్లెకు తీసుకొచ్చింది. బ్లాగు చూసే వచ్చామని, పోస్టులు తండ్రికి వినిపిస్తుంటానని మొదటి రోజే చెప్పింది.

ఆగస్టు మొదటి సోమవారం భారతి క్రాస్ గురించి ఒక పోస్టు పెట్టింది. భయపడకండి, తెలియకపోతే తెలియదనండి, నిజం చెప్పండి అని రాసింది. కింద పసుపు రంగు గడిలో ఒక ఉదాహరణ ఇచ్చింది. పొలంలో బోరు ఉన్న రైతును స్వాధీనం గురించి అడిగితే, "నేను పన్నెండేళ్ల కిందట బోరు వేశాను. కరెంటు నా పేరు మీద ఉంది. బిల్లు నేనే కడుతున్నాను" అని సూటిగా చెప్పవచ్చని అందులో ఉంది. కుప్పం కోర్టులో ఆమె నడుపుతున్న మరో కేసు నుంచి ఆ ఉదాహరణ తీసుకుంది. ఆ రైతుకు బోరు ఉంది.

పోస్టు పొడుగ్గా ఉందని మంజు దాన్ని రెండుగా పంపింది. రంగు గడిలో ఉన్నది ముఖ్యమైనదని అనుకుని, రైతు చెప్పే మాటలను విడిగా చదివింది. ముందు తన మాట ఒకటి చేర్చింది. భారతి వరండాలో ఆ మెసేజ్ విన్నది.

"నాయనా, ఇది లాయరమ్మ రాసిండాది. కోర్టులో ఇట్ల సెప్పల్లంట. బాగా ఇని పెట్టుకో."

"మీకు బోరు లేదు కదా మంజూ," అంది భారతి.

"లేదు మేడం. కానీ మీరు రాసింటే ఏదో ఉంటాదనుకున్యాం. నాయన కేసుకు వారమే ఉండాది కదా అని, నాయన కోసరమే పెట్టినారనుకున్యాం."

భారతి ఫోను తిరిగి ఇచ్చింది.

రెండున్నరకు శేఖర్ ఆ పోస్టు ప్రింటు తీసుకుని వచ్చాడు. అతను కూడా ఆ బ్లాగు చదువుతాడు. భారతి అభ్యంతరం చెప్పింది. కంప్యూటరు నుంచి తీసిన కాగితానికి చట్టం అడిగే సర్టిఫికెట్ లేదంది. జడ్జి ఒప్పుకుని ఆ కాగితాన్ని రికార్డులోకి తీసుకోలేదు. శేఖర్ దాన్ని చేతిలో పెట్టుకునే చదివాడు.

"నువ్వు పొద్దున చెప్పింది ఈ మాటలేనా?"

"అవును సామీ. మా పాప గొంతుతో ఇన్నాను."

"నీ పొలంలో బోరు ఉందా?"

"లేదు సామీ. ఊరందరికీ తెలుసు."

"మరి ఉందని ఎందుకు చెప్పావు?"

"కోర్టులో ఏం సెప్పల్లో లాయరమ్మకు తెలుసు కదా సామీ. నాకేం తెలుసు? నాకు గొర్రెలు తెలుసు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కాగితం రికార్డులోకి వెళ్లలేదు కానీ జవాబులు వెళ్లాయి. తన సాక్షిని తిరిగి అడిగే వంతు వచ్చినప్పుడు భారతి ఏమీ అడగలేదు.

ఆమె మదనపల్లెకు తిరిగొచ్చి, మరుసటి రోజు సాయంత్రం చెంగయ్య ఆఫీసుకు వెళ్లింది. చెంగయ్య ఆమె సీనియరు. ఆమె అతని దగ్గరే పని నేర్చుకుంది. సంగతి అప్పటికే మదనపల్లె బార్‌లో తెలిసిపోయింది.

"ఆ పోస్టు తీసెయ్," అన్నాడు చెంగయ్య.

"తీస్తే దాచినట్టవుతుంది సార్."

"ఉంచితే?"

ఆమె చేతిలోని ఫోను బల్ల మీద బోర్లించింది.

"మా కాలంలో క్లయింటు టీ అంగడి కాడ దొరికేవాడు. వాడి టీ మనం కడితే కేసు మనది. అది మాత్రం పెద్ద నీతా అంటే, కాదు. కానీ టీ తాగినోడు ఎవడూ బోనెక్కి టీ గురించి సెప్పలేదమ్మా."

"తిప్పేస్వామికి ఏం దారి ఉంది సార్?"

చెంగయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒకటే ఉండాది. ఆ రాత అందరి కోసం రాసింది, వాడికి సెప్పింది కాదు అని ఎవరో ఒకరు ప్రమాణం చేసి సెప్పాల. రాసినోళ్లు తప్ప ఎవరు సెప్తారు? ఒకే కేసులో లాయరుగా, సాక్షిగా రెండూ ఉండేదానికి లేదు. కోటు తీసి బోనెక్కల్ల."

"ఎక్కుతాను."

"శేఖర్ ఏం అడుగుతాడో తెలుసా? ఈ క్లయింటు నీ కాడికి ఎట్లొచ్చినాడు అని అడుగుతాడు. బ్లాగు చూసి అంటే, బార్ కౌన్సిల్‌కు కాగితం పోతుంది. తెలియదు అను."

"తెలుసు కదా సార్."

"తెలుసు," అన్నాడు చెంగయ్య. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "వకాలత్ నేను వేస్తాలే. కేసు నాకు వదిలేస్తాండానని నో అబ్జెక్షన్ రాసివ్వు."

ఆమె అక్కడే రాసిచ్చింది. గుట్టకిందపల్లెలో తిప్పేస్వామి తరఫున మరో సాక్షి కోసం చెంగయ్య వాకబు చేశాడు. మెట్టకు ఆనుకుని ముగ్గురు రైతులు ఉన్నారు. ముగ్గురి పొలాలకూ నీళ్లు ఉమాపతి బోరు నుంచే వస్తాయి. ఎవరూ రామన్నారు.

సెప్టెంబరు ఆఖరి వారంలో భారతి కోటు, బ్యాండు లేకుండా పుంగనూరు కోర్టు హాల్లోకి వెళ్లి సాక్షి బోనులో నిలబడింది. పోస్టు తేదీ చెప్పింది. అది ఎవరైనా చదువుకోవడానికి రాసిందని, ఉదాహరణ మరో కేసు నుంచి తీసుకున్నదని, తిప్పేస్వామికి బోరు ఉందని చెప్పమని తాను ఎప్పుడూ చెప్పలేదని చెప్పింది. ఈసారి ప్రింటుకు సర్టిఫికెట్ ఉంది. జడ్జి దాన్ని రికార్డులోకి తీసుకున్నారు.

శేఖర్ లేచాడు. ఆమెను మేడం అనే పిలిచాడు.

"మీ బ్లాగు వల్ల మీకు కేసులు వచ్చాయా మేడం?"

"వచ్చాయి."

"ఈ వాది?"

"బ్లాగు చూసి వచ్చారు."

"మీ పోస్టులు ఈయన వింటాడని మీకు తెలుసా?"

"తెలుసు. వాళ్ల అమ్మాయి చెప్పింది."

"ఆయన క్రాస్‌కు వారం ముందు, క్రాస్‌లో ఏం చెప్పాలో పోస్టు పెట్టారు. ఇది నీ గురించి కాదని ఆయనకు చెప్పారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలని తోచలేదు."

"ఇంతే," అని శేఖర్ కూర్చున్నాడు.

ఆమె బోను దిగింది. తలుపు దగ్గర తిప్పేస్వామి చేతులు కట్టుకుని ఉన్నాడు.

"నిన్ను కూడా బోనెక్కించినానే లాయరమ్మా."

"అన్నం తిన్నావా అప్పా?"

"తిన్యా. నువ్వు?"

"తింటాను," అని ఆమె బస్టాండు వైపు నడిచింది.

నవంబరు రెండో సోమవారం తీర్పు వచ్చింది. లాయరు రాసిన పోస్టు వాదికి ఇచ్చిన సూచన అని తాను అనుకోవడం లేదని జడ్జి రాశారు. అయితే లేని బోరు ఉందని వాది తెలిసి ప్రమాణం మీద చెప్పాడని, స్వాధీనానికి అతని మాట తప్ప మరో సాక్ష్యం లేదని, ఆ మాట మీద ఆధారపడలేనని రాశారు. దావా కొట్టేశారు. ఉమాపతిని అప్పటిదాకా ఆపిన తాత్కాలిక ఉత్తర్వు దాంతో పోయింది.

అదే వారం ఉమాపతి మెట్ట చుట్టూ రాతి కూసాలు నాటించి తీగ లాగించాడు. ముళ్లకంచె తీసి పక్కన వేశారు. తొట్టి కంచె లోపలే ఉండిపోయింది.

మదనపల్లెలో అప్పీలు వేయడానికి చెంగయ్య కాగితాలు సిద్ధం చేశాడు. ఫీజు అక్కర్లేదని, తిప్పేస్వామి వచ్చి సంతకం పెడితే చాలని మంజుకు కబురు పెట్టాడు. మంజు కుప్పం నుంచి తండ్రికి ఫోను చేసింది.

"ఇంగ ఏమీ పంపించొద్దు పాపా," అన్నాడు తిప్పేస్వామి. "ఇనలేను."

భారతి మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు వెళ్లిందని డిసెంబరులో మదనపల్లె బార్‌లో అనుకున్నారు. ఫిర్యాదు ఎవరు చేశారో తెలియలేదు. ఆమెకు నోటీసు అందలేదు.

అప్పీలు గడువు డిసెంబరు రెండో వారంలో ముగిసింది. తిప్పేస్వామి సంతకం పెట్టడానికి రాలేదు. అప్పటికే మందను అమ్మేశాడు.